కొండ ముందు, కడలి తరువాత

బెలుం గుహల్లో అన్నిటికన్నా లోతైన చోటు పాతాళగంగ. ప్రవేశద్వారం మట్టానికి అది 46 మీటర్లు దిగువన ఉంటుంది. అక్కడిదాకా దిగిన సందర్శకుడికి ఉక్కపోతతో చెమట పడుతుంది, తిరిగి మెట్లెక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, అంతే తప్ప చెవుల్లో పోటు పుట్టదు, ఛాతీ బిగుసుకోదు. ఎందుకంటే 46 మీటర్ల ఎత్తున్న గాలి మీద పడటం వల్ల పెరిగే ఒత్తిడి మామూలు ఒత్తిడిలో దాదాపు అర శాతమే. అదే లోతుకు సముద్రంలో దిగితే ఒత్తిడి నేల మీద ఉన్నదానికి అయిదున్నర రెట్లు దాటుతుంది. గాలి పలచన, నీరు బరువు. నీటిలో ప్రతి పది మీటర్లకూ ఒక వాతావరణమంత ఒత్తిడి అదనంగా చేరుతుంది. ఈ గుహలున్న కొలిమిగుండ్ల ప్రాంతం నుంచి స్కూబా నేర్చుకోవడానికి విదేశం బయలుదేరేవారు ఈ ఒక్క తేడాను మనసుకు పట్టించుకుంటే చాలు, ఏ రోజు కొండ ఎక్కాలి, ఏ రోజు సముద్రంలో దిగాలి, ఏ రోజు విమానం ఎక్కాలి అన్న ప్రశ్నలన్నిటికీ సమాధానం దాని నుంచే వస్తుంది. గుహలున్న ఆ సున్నపురాయి కూడా కోట్ల ఏళ్ల కిందట లోతు తక్కువ సముద్రం అడుగున పేరుకున్నదే కాబట్టి, నాపరాళ్ల నేల మనుషులకు సముద్రం మరీ పరాయిదేమీ కాదు.

స్కూబా అంటే నీటి కింద ఊపిరి పీల్చుకోవడానికి కావలసిన గాలిని మనిషి తన వెంటే మోసుకుపోయే పద్ధతి. సుమారు 200 వాతావరణాల ఒత్తిడికి కుదించిన మామూలు గాలి వీపున ఉన్న సిలిండర్‌లో ఉంటుంది. అది ఆక్సిజన్ సిలిండర్ అన్నది చాలామందికి ఉన్న పొరపాటు అభిప్రాయం. ఆ గాలిని మనిషి ఉన్న లోతుకు సరిపడే ఒత్తిడికి తగ్గించి నోటికి అందించేది రెగ్యులేటర్. ఈ అమరికను 1943లో ఫ్రాన్స్‌లో జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ రూపొందించారు. సముద్ర తీరాల్లో పర్యాటకులను శిక్షకుడు చెయ్యి పట్టుకుని ఒక అరగంట నీటిలో తిప్పి తెచ్చే సరదా డైవ్ వేరు, సర్టిఫికెట్ కోర్సు వేరు. మొదటిది జ్ఞాపకంగా, ఒక ఫోటోగా మిగులుతుంది. రెండవది పూర్తిచేసినవారు మరో డైవర్ తోడుతో 18 మీటర్ల లోతువరకు ప్రపంచంలో ఎక్కడైనా దిగవచ్చు. ఈ తొలి మెట్టును సాధారణంగా ఓపెన్ వాటర్ డైవర్ అంటారు. 1966లో మొదలైన పాడీ, 1970లో మొదలైన ఎస్ఎస్ఐ వంటి సంస్థలు ఈ సర్టిఫికెట్లు ఇస్తాయి; ఈ స్థాయికి ఐఎస్ఓ 24801-2 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది కనుక ఏ సంస్థ కార్డు మేలన్న వాదనలో కాలం గడపడం కంటే ఏ శిక్షకుడి చేతిలో పడుతున్నామో చూసుకోవడం తెలివైన పని. కోర్సులో మూడు భాగాలుంటాయి: పాఠాలు, ఈతకొలనులోనో ఒడ్డు దగ్గరి నిలకడ నీటిలోనో సాధన, చివరగా సముద్రంలో నాలుగు డైవ్‌లు. అన్నీ కలిపి మూడు నాలుగు రోజులు పడుతుంది.

విదేశమే ఎందుకు అన్న ప్రశ్న న్యాయమైనది. అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లోనూ, పుదుచ్చేరిలోనూ ఇదే కోర్సు, ఇదే కార్డు దొరుకుతాయి. అండమాన్‌లో పాస్‌పోర్ట్ అక్కరలేదు, తెలుగు మాట్లాడేవారు కూడా ఎదురవుతారు. యాత్రలో దేశం చూడటం కూడా సగం ఉద్దేశమైతేనే విదేశం లెక్కలోకి వస్తుంది. అప్పుడు కొలిమిగుండ్ల నుంచి చూస్తే థాయ్‌లాండ్, ఇండోనేషియాల కంటే ముందు నిలవవలసిన పేరు శ్రీలంక. తాడిపత్రిలో చెన్నై రైలు ఎక్కితే, చెన్నై నుంచి కొలంబోకు విమానంలో గంటన్నర లోపే. పైగా క్యాండీని 1739 నుంచి 1815 వరకు పాలించిన నాయక్కర్ రాజులు మదురై నాయకుల బంధువర్గానికి చెందినవారు. చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహను బ్రిటిష్‌వారు వేలూరుకు తరలించగా 1832లో ఆయన అక్కడే మరణించాడు. పాములాడిస్తూ ఊరూరా తిరిగే వృత్తి నుంచి వచ్చిన అహికుంటిక సమాజంవారు ఆ దీవిలో ఇప్పటికీ ఇళ్లలో తెలుగు మాట్లాడతారు.

శ్రీలంకలో సముద్రానికి రెండు ఋతువులున్నాయి. నైరుతి తీరంలోని హిక్కడువ, ఉనవటున పరిసరాల్లో నవంబర్ నుంచి ఏప్రిల్ వరకు నీరు తేటగా ఉంటుంది. ఈశాన్య తీరంలోని తిరుకోణమలై (ట్రింకోమలీ) దగ్గర మే నుంచి సెప్టెంబర్ వరకు. రుతుపవనం ఒక వైపు సముద్రాన్ని కలచివేస్తుంటే రెండవ వైపు నిలకడగా ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ బడి సెలవులతో దీన్ని సరిపోల్చితే సంక్రాంతికి వెళ్లేవారు నైరుతికి, వేసవి సెలవుల్లో వెళ్లేవారు ఈశాన్యానికి వెళ్లాలి. ఈ సంగతి తెలియక జూన్‌లో హిక్కడువలో గది బుక్ చేసుకున్నవారు కెరటాలు చూసి తిరిగిరావలసిందే. ఈ అధ్యాయం వేసవి సెలవులనే ఉదాహరణగా తీసుకుంటుంది.

అయితే యాత్రలో కష్టమైన పని ఊళ్లోనే, బయలుదేరడానికి కనీసం మూడు నెలల ముందు మొదలవుతుంది. కోర్సులో చేరేవారు 200 మీటర్లు ఆగకుండా ఏ పద్ధతిలోనైనా ఈదాలి, లేదా మాస్క్, ఫిన్‌లు, స్నార్కెల్ గొట్టం పెట్టుకుని 300 మీటర్లు ఈదాలి. ఆ తరువాత ఏ ఆసరా లేకుండా పది నిమిషాలు నీటిపై తేలుతూ ఉండాలి. వేగంతో పని లేదు, కానీ ఆగకూడదు. పది మీటర్ల వెడల్పున్న మోటబావిలో అయితే ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఇరవై సార్లు, మధ్యలో రాయి పట్టుకోకుండా, అని అర్థం. నడుముకు మునగబెండు కట్టుకుని బావిలో ఈత నేర్చిన తరం వారికి దూకడం, మునగడం బాగా వచ్చినా ఈ నిలకడ ఉండదు. దానికి నంద్యాలలోనో కర్నూలులోనో ఈతకొలనులో వారానికి మూడు నాలుగు రోజుల సాధన కావాలి. వాననీరు నిలిచిన నాపరాతి గనుల గుంతల్లో సాధన చేయాలన్న ఆలోచన మాత్రం రాకూడదు. వాటి అంచులు గోడల్లా నిట్టనిలువుగా ఉంటాయి, అలసిపోయినవాడికి చెయ్యి ఆనించే చోటు కూడా దొరకదు.

బావి ఈతగాడికి ఉన్న ఒక గొప్ప నైపుణ్యం ఇక్కడ అతనికే అడ్డు తగులుతుంది. పందెం కట్టి ఎవరు ఎక్కువసేపు నీటి అడుగున ఉంటారో చూసుకునే ఆటలో ఊపిరి బిగబట్టడమే గెలుపు. స్కూబాలో ఊపిరి బిగబట్టడం మొదటి నిషేధం. కారణం మళ్లీ ఒత్తిడే. పది మీటర్ల లోతున ఒత్తిడి రెండింతలు కాబట్టి అక్కడ ఊపిరితిత్తుల నిండా పీల్చిన గాలి నీటిపైకి చేరేసరికి రెండింతల చోటు కోరుతుంది. వదిలితే ఏ ఇబ్బందీ లేదు, బిగబడితే ఊపిరితిత్తుల పొర చిరిగి గాలి రక్తంలోకి చొరబడే ప్రమాదం ఉంది. బావిలో మునిగేవాడికి ఈ బెడద ఉండదు. అతను పైనుంచి తీసుకుపోయిన గాలే లోపల నలిగి, పైకి వచ్చేసరికి మళ్లీ మొదటి పరిమాణానికి చేరుతుంది. లోతులో కొత్త గాలి పీల్చడమే రెండింటికీ తేడా. అందుకే ఎప్పుడూ నిదానంగా పీలుస్తూ, వదులుతూ ఉండటం అలవాటయ్యేదాకా సాధన చేయాలి. ఇంట్లోనే చేయదగిన అభ్యాసం ఒకటుంది: పక్కన ఒకరిని ఉంచుకుని, వెడల్పాటి టబ్బులో నీళ్లు నింపి, మాస్క్ లేకుండా ముఖం ముంచి, స్నార్కెల్ గొట్టంతో నోటి ద్వారా రెండు మూడు నిమిషాలు ఊపిరి తీసుకోవడం. ముక్కుకు నీళ్లు తగలగానే తల పైకి లేపాలని శరీరం తొందరపెడుతుంది. నాలుగైదు రోజులకు ఆ తొందర తగ్గుతుంది. కోర్సులో అందరూ భయపడే ఘట్టం మాస్క్‌లోకి నీళ్లు రానిచ్చి, మాస్క్ పై అంచును నుదుటికి నొక్కిపట్టి, తల కొంచెం పైకెత్తి, ముక్కుతో గాలి ఊది ఆ నీటిని కింది అంచు నుంచి వెళ్లగొట్టడం. టబ్బులో అలవాటు పడ్డవారు దీన్ని ఒకటి రెండు ప్రయత్నాల్లో దాటుతారు. లేనివారికి ఒక పూట పడుతుంది.

వైద్యపరీక్షను లాంఛనంగా చూడకూడదు. చేరేముందు ఇచ్చే ప్రశ్నాపత్రంలో ఆస్తమా, మూర్ఛ, గుండెజబ్బు, మధుమేహం, చెవి శస్త్రచికిత్స, గర్భం వంటి వాటిని అడుగుతారు. విషయాన్ని బట్టి డాక్టర్ సంతకం ఉన్న అనుమతి పత్రం తేవాలి. పరాయి దేశంలో ఒడ్డు మీద నిలబడి ఆ పత్రం చదివి, నిజం రాస్తే డబ్బు పోతుందని అన్నిటికీ ‘లేదు’ అని గీతలు పెట్టేవారు ఉంటారు. అందుకే పత్రాన్ని ముందే తెప్పించుకుని ఊళ్లో ఉండగానే డాక్టర్‌కు చూపించాలి. నాపరాళ్ల గనుల్లోనూ, పాలిషింగ్ ఫ్యాక్టరీల్లోనూ, సిమెంట్ కర్మాగారాల్లోనూ ఏళ్ల తరబడి దుమ్ము పీల్చినవారు పత్రం అడిగినా అడగకపోయినా ఛాతీ ఎక్స్‌రే, ఊపిరితిత్తుల పనితీరు పరీక్ష చేయించుకోవడం అవసరం. చెవి, ముక్కు, గొంతు వైద్యుడిని కూడా ఒకసారి కలవాలి. నీటిలో దిగుతున్నప్పుడు ముక్కు మూసి మెల్లగా గాలి ఊదుతూ చెవిలోపలి ఒత్తిడిని బయటి ఒత్తిడితో సమానం చేసుకోవాలి కనుక ముక్కు దిబ్బడ ఉన్నవారికి ఆ రోజు డైవ్ లేనట్లే.

ఈ ముక్కు దిబ్బడ సంగతి ప్రయాణక్రమాన్ని కూడా మార్చివేస్తుంది, అయితే ముందు ఒత్తిడి లెక్క చూడాలి. డైవ్‌లో పీల్చిన గాలిలోని నైట్రోజన్ ఒత్తిడి వల్ల రక్తంలోనూ కణజాలంలోనూ కరుగుతుంది. పైకి వచ్చాక అది మెల్లగా ఊపిరి ద్వారా బయటికి పోవాలి. అది పోకముందే ఒత్తిడి మరింత తక్కువ ఉన్న చోటికి, అంటే విమానంలోకో ఎత్తయిన కొండ మీదికో వెళితే, సోడా సీసా మూత తీసినప్పటిలా బుడగలు పుట్టి కీళ్లనొప్పుల నుంచి పక్షవాతం దాకా తీసుకురావచ్చు. దీన్ని డీకంప్రెషన్ జబ్బు అంటారు. వరుస రోజుల్లో డైవ్‌లు చేసినవారు విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలన్నది డైవర్ల భద్రతా సంస్థ డాన్ ఇచ్చిన సూచన. 24 గంటలు ఆగడం ఇంకా నిశ్చింత. సుమారు 600 మీటర్లు దాటిన ఎత్తుకు రోడ్డు మీద వెళ్లినా ఇదే వర్తిస్తుంది. శ్రీలంక వెళ్లే తెలుగువారు తప్పక చూడాలనుకునే నువర ఎలియ 1,868 మీటర్ల ఎత్తున ఉంది. కాబట్టి సముద్రం నుంచి నేరుగా అక్కడికి పోకూడదు. కొండ ముందు, కడలి తరువాత. అయితే మే నెల ఎండలో మాడిన రాయలసీమ శరీరం ఒక్కసారిగా తేయాకు తోటల చలిలో రెండు రాత్రులు గడిపి జలుబు తెచ్చుకుంటే, కొండ ముందు పెట్టుకున్న లాభం ముక్కు దిబ్బడలో పోతుంది. తొలి యాత్రలో నువర ఎలియను వదులుకుని, 500 మీటర్ల ఎత్తులోని క్యాండీతో సరిపెట్టుకోవడం ఉత్తమం. వదులుకోలేనివారు స్వెటర్, మఫ్లర్ మరవకూడదు.

పది రోజుల ప్రణాళిక ఈ లెక్కల మీద ఇలా కుదురుతుంది. తొలిరోజు కొలంబోలో దిగి క్యాండీకి. రెండవ రోజు అక్కడి దళద మాళిగావ (బుద్ధుడి దంతాలయం), నాయక్కర్ల కాలపు రాజప్రాసాదం. మూడవ రోజు దంబుళ్ల మీదుగా తిరుకోణమలై చేరి, ఉప్పువేలిలోనో నిలావేలిలోనో బస. నాలుగవ రోజు పాఠాలూ నిలకడ నీటి సాధనా, అయిదు, ఆరు రోజుల్లో రోజుకు రెండు చొప్పున నాలుగు డైవ్‌లు. ఏడవ రోజును ఖాళీగా ఉంచాలి. గాలి తిరిగి పడవలు కదలకపోయినా, ఒకరికి చెవి మొరాయించినా ఆ రోజు ఆదుకుంటుంది, అంతా సవ్యంగా జరిగితే అదే విశ్రాంతి. ఆ ఖాళీరోజుకు తిరుకోణమలైలో తగిన పని ఉంది: సముద్రం మీదికి వంగిన స్వామిమల కొండకొమ్ముపై కోణేశ్వరాలయం. పాత ఆలయాన్ని 17వ శతాబ్దం తొలినాళ్లలో పోర్చుగీసువారు కూలగొట్టగా, దాని శిథిలాలను 1956లో ఆ కొండ అడుగున నీటిలో గుర్తించినవారిలో మైక్ విల్సన్, వైజ్ఞానిక కల్పనల రచయిత ఆర్థర్ సి. క్లార్క్ ఉన్నారు, ఇద్దరూ డైవర్లే. ఊరికి దగ్గరలోనే కన్నియాలో రావణుడి కథతో ముడిపడిన ఏడు వేడినీటి బావులున్నాయి. ఎనిమిదవ రోజు సిగిరియ. అయిదవ శతాబ్దంలో కాశ్యపుడు కోట కట్టుకున్న ఆ బండ శిఖరం సముద్రమట్టానికి 350 మీటర్లలోపే ఉంటుంది కనుక ఎత్తుతో పేచీ లేదు. కానీ డైవ్ చేసిన రోజే అన్ని మెట్లు ఎక్కే శ్రమ మంచిది కాదు, అందుకే నడుమ ఒక రోజు ఎడం. తొమ్మిదవ రోజు అనురాధపురం మీదుగా కొలంబోకు వచ్చే దారంతా పల్లపు మైదానమే. పదవ రోజు విమానం. ఆఖరి డైవ్‌కూ దానికీ నడుమ మూడు రోజులు గడిచి ఉంటాయి; ఏడవ రోజును డైవ్‌లకే వాడవలసి వచ్చినా రెండు రోజులు మిగులుతాయి.

డైవ్ చేసే రోజు ఉదయం ఖాళీ కడుపుతో పడవెక్కితే కడుపులో తిప్పడం ఎక్కువవుతుంది. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ అలవాటైన నోటికి చప్పగా అనిపించినా ఇడియాప్పం, అరటిపండు ఆ పూటకు తగిన ఆహారం. నీటి కింద సైగలు కూడా ముందే వంటపట్టాలి: బొటనవేలు పైకెత్తితే ‘బాగుంది’ అని కాదు, ‘పైకి పోదాం’ అని, ‘బాగుంది’ అనడానికి బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. ఈ ఒక్క పొరపాటుతో పది నిమిషాలకే జట్టంతటినీ పైకి తెచ్చిన కొత్తవారు ప్రతి డైవింగ్ కేంద్రంలోనూ కనిపిస్తారు.

కేంద్రాన్ని ఎంచుకునేటప్పుడు ధర కన్నా ముందు అడగవలసినవి కొన్ని ఉన్నాయి. ఒక శిక్షకుడి కింద సముద్రంలో ఎంతమంది విద్యార్థులు? ప్రమాణాలు ఎనిమిది మంది దాకా ఒప్పుకున్నా నలుగురు దాటని చోటు మేలు. చెప్పిన ధరలో పాఠాల రుసుము, సర్టిఫికెట్, పరికరాల అద్దె, పడవ, నిలావేలి దగ్గరి పావురాల దీవి (పిజియన్ ఐలాండ్) జాతీయ వనం ప్రవేశ టికెట్ కలిసి ఉన్నాయా? పడవలో అత్యవసర ఆక్సిజన్ ఉందా? ‘రెండు రోజుల్లో ముగించేస్తాం’ అనే మాట ఆకర్షణలా వినిపించినా అది హెచ్చరికే. పాఠాలు, కొలను సాధన ముందే బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో పూర్తిచేసుకుని, సముద్రపు డైవ్‌లు మాత్రం విదేశంలో చేసే రిఫరల్ పద్ధతి కూడా ఉంది; సెలవు తక్కువగా ఉన్న ఉద్యోగులకు అది బాగా కలిసివస్తుంది.

ఆ తీరంలో అనుభవజ్ఞులను రప్పించే పెద్ద ఆకర్షణ ఒకటుంది, అది కొత్తవారిది కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసిన సంగతి ఆంధ్రులకు తెలిసినదే. అదే దాడుల పరంపరలో ఏప్రిల్ 9న తిరుకోణమలైపై దాడి జరిగింది, అదే రోజు మట్టక్కళపు (బట్టికలోవా) దగ్గర బ్రిటిష్ విమానవాహక నౌక హెర్మిస్ మునిగిపోయింది. అది 50 మీటర్లు దాటిన లోతున పడి ఉంది, అంటే పాతాళగంగ కంటే లోతున. 18 మీటర్ల కార్డు ఉన్నవారిని అక్కడికి తీసుకుపోతామని ఎవరైనా అంటే వారితో ఏ డైవ్‌కూ వెళ్లకూడదు. తొలి నాలుగు డైవ్‌లకు పావురాల దీవి చుట్టూ ఉన్న పగడపు దిబ్బలు, నల్లరెక్కల చిన్న సొరచేపలు, తాబేళ్లు చాలు. పగడం ప్రాణి కాబట్టి చేతితో తాకరాదు, ఫిన్ తగలనివ్వరాదు.

కాగితాల పని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. పాస్‌పోర్ట్‌కు కనీసం ఆరు నెలల గడువు ఉండాలి. 36 పేజీల సాధారణ పాస్‌పోర్ట్ రుసుము 1,500 రూపాయలు, తత్కాల్‌కు మరో 2,000. శ్రీలంక ప్రవేశానుమతిని ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే తీసుకోవాలి. రుసుములు, మినహాయింపులు తరచూ మారుతుంటాయి కనుక టికెట్ కొనేముందు ఒకసారి, బయలుదేరే వారం ముందు మరోసారి చూసుకోవాలి. 2024 ఫిబ్రవరి నుంచి అక్కడ యూపీఐ చెల్లింపులు మొదలయ్యాయి, అయినా పడవవాళ్ల దగ్గర నగదే నడుస్తుంది. నిర్లక్ష్యం చేయకూడనిది బీమా. మామూలు ప్రయాణ బీమాలు చాలావరకు స్కూబాను సాహసక్రీడగా లెక్కించి మినహాయిస్తాయి. డీకంప్రెషన్ జబ్బుకు చేసే చికిత్సలో రోగిని అధిక ఒత్తిడి గదిలో గంటల తరబడి ఉంచాలి, ఆ గది ఉన్న ఆసుపత్రి వందల కిలోమీటర్ల దూరంలో ఉండవచ్చు. పాలసీలో ‘స్కూబా’ అన్న మాట, ఎంత లోతుదాకా అన్న అంకె రెండూ రాసి ఉన్నాయో లేదో చూసి సంతకం పెట్టాలి.

ప్రతి డైవ్ తరువాత లాగ్‌బుక్‌లో తేదీ, చోటు, గరిష్ఠ లోతు, నీటిలో ఉన్న నిమిషాలు, సిలిండర్‌లో మొదట, చివర ఉన్న గాలి రాసి శిక్షకుడి సంతకం తీసుకోవాలి. మరుసటి కేంద్రంలో కార్డుతో పాటు ఆ పుస్తకాన్నీ అడగవచ్చు. కార్డుకు కాలపరిమితి లేదు, నైపుణ్యానికి ఉంది. ఆరు నెలలు, ఏడాది నీటిలో దిగనివారు ఒక పూట పునశ్చరణ చేసుకునే మళ్లీ దిగాలి; దానికి విదేశం పోనక్కరలేదు, రాత్రి బస్సో రైలో ఎక్కితే తెల్లారేసరికి చెన్నై, అక్కడి నుంచి పుదుచ్చేరి మూడు నాలుగు గంటల దారి.